ఎర్తు గోతిలో ఇంకని నీళ్లు

పోయిన నెల కాశీబుగ్గలో మా అత్త ఇంటి ముందుగదిలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. ఛార్జరు గోడకి పెట్టి, అరచేతులు దాని మీద ఆనించానో లేదో చీమలు పాకినట్టు సుర్రుమంది. చేతులు తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ సుర్రుమంది. తెర మీది బాణం గుర్తు నేను ముట్టుకోకుండానే ఈ మూల నుంచి ఆ మూలకి గంతులేస్తోంది. వంటింట్లో అత్త మిక్సీ వేసిందంటే ఇక దానికి పూనకమే. కోపం రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. ఈ గది, ఈ గోడ నాకు చిన్నప్పటి నుంచి, ఈ సుర్రు ఇరవయ్యేళ్ల వయసు నుంచి తెలుసు. ఈ లోపల నా జుట్టు నెరిసింది, బల్లంత కంప్యూటరు ఒళ్లో పట్టేంత అయింది, వీధిలో పెంకుటిళ్లు పోయి మేడలు లేచాయి. ఈ ఇంటి కరెంటు మాత్రం తన బుద్ధి మార్చుకోలేదు.

నేను అక్కడికి వెళ్లిన పని మావయ్య పుస్తకం. మావయ్య అంటే మా మేనత్త బంగారమ్మ భర్త, బడిపంతులుగా చేసి రిటైరైన మనిషి, ఊరంతా మాస్టారనే పిలిచేది. నౌపడ ఉప్పు కొఠార్లు దాటి వెళ్తే వచ్చే సముద్రపు ఒడ్డు పల్లె మాది. ఆ తీరంలో మావాళ్లు వలలకీ, గాలులకీ, చేపలకీ, చుక్కలకీ వాడే మాటలన్నీ ఏరి ఆయన ఒక పుస్తకం చేశారు. ఆ ప్రతులు ఎప్పుడో అయిపోయాయి. మళ్లీ అచ్చు వేస్తామని కొందరు మిత్రులు ముందుకొచ్చారు గానీ, అప్పటి ఫ్లాపీలు ఇప్పుడు ఏ మెషీనూ చదవదు. పుస్తకాన్ని మొదటి నుంచీ మళ్లీ టైపు చెయ్యాలి. మొదటిసారి చేసింది నేనే, రెండోసారీ నేనే చేస్తానన్నాను. అదీ అదే గదిలో, అదే కిటికీ పక్కన కూర్చుని చేద్దామనిపించింది.

సుర్రు గురించి చెప్తే అత్త తాపీగా, "సింవాచలాన్ని పిలు. ముసిలోడైపోనాడు గానీ పని మరిసిపోనేదు," అంది. సింహాచలం మేస్త్రీ ఆ ఇంటికి మొదటి వైరు లాగిన మనిషి. మర్నాడు పొద్దున్నే వచ్చాడు. గోడలోని ప్లగ్గులన్నీ తన టెస్టరుతో పొడిచి చూసి, తల అడ్డంగా ఊపి, పెరట్లోకి నడిచాడు. మునగచెట్టు పక్కన, తేడా కరెంటుని భూమిలోకి దింపే పాత ఎర్తు గొయ్యి ఉంది. దాని మీది రాతిపలక తీసి తవ్వడం మొదలెట్టాడు. మూరెడు లోతు వెళ్లేసరికి పలుగు టప్‌మని ఆగింది. వంగి, చేత్తో ఒక గడ్డ పెకలించి పైకి తీశాడు. నల్లగా, జిగటగా, ఎండలో మెరుస్తోంది. వాసన చూసి నా వైపు తిరిగాడు.

"ఏటమ్మా ఇది? ఎర్తు గొయ్యా, రోడ్డుకేసే తారా?"

నేను దగ్గరికెళ్లి వంగి చూశాను.

"కట్టెబొగ్గు ఎయ్యమని సెప్పినాను నాను. ఇది జీడితొక్కల బొగ్గు. అదీ సగం కాలింది. ఇందులో నూని మొత్తం గొట్టానికి పట్టేసింది. దీంట్లోంచి కరెంటు మాట అలగుంచు, నీటిసుక్క కూడా దిగదు. ఎవులు పోసినారమ్మా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నా చేతులు నాకు తెలియకుండానే వెనక్కి వెళ్లాయి. అత్త అప్పుడు వీధి గుమ్మంలో చేపలామెతో బేరంలో ఉంది. సింహాచలం అడిగింది ఆమెకి వినబడలేదు. "కట్టెబొగ్గు తెప్పిస్తాను, కొత్తది వెయ్యి," అని మాత్రం అని, ఆ నల్లగడ్డని చేతిలోకి తీసుకుని మునగచెట్టు కింద కూలబడ్డాను. ఆ గడ్డ పోసింది నేనే. అది పోసిన పాపానికి ఏడాదిపాటు శిక్ష అనుభవించింది మాత్రం వీధిలో బేరమాడుతున్న ఆ మనిషి.

ఇది అర్థం కావాలంటే ఆ ఇంటి తెల్లవారుజాములు చెప్పాలి. మా ఊళ్లో బడి ఏడో తరగతితో ఆగిపోయేది. నాన్న నన్ను పెద్ద చదువుకని తన అక్క ఇంట్లో దింపి వెళ్లాడు. అత్తకీ మావయ్యకీ పిల్లల్లేరు. సముద్రపు హోరు వింటూ పడుకున్న దాన్ని, జీడిపప్పు ఫ్యాక్టరీల మధ్య సందులో వచ్చి పడ్డాను. మొదట్లో నాకు నిద్ర పట్టకపోవడానికి కారణం ఆ వాసన. జీడిపిక్కలు కాలుస్తుంటే వచ్చే ఘాటు పొగ గొంతులో గీరుకునేది, దాని వెనకాలే వేగిన పప్పు కమ్మదనం వచ్చి ఆకలి పుట్టించేది. తిట్టుకోవాలో లొట్టలేసుకోవాలో తెలిసేది కాదు. తెల్లారేసరికి పిక్కలు కొట్టే ఆడవాళ్లు గుంపులుగా వీధిలో నడిచేవాళ్లు, వేళ్ల చివర్లు జీడికి నల్లబడి, చేతులకి నూనె రాసుకుని. వాళ్లలో సగం మంది పనిలోకి వెళ్లే ముందు ఆగేది మా అత్త అరుగు దగ్గర. అత్త పెసరట్లు వేసేది. రాత్రి నానబోసిన పెసలు తెల్లవారుజామున రుబ్బి, అల్లం, పచ్చిమిర్చి దట్టించి, ఇనప పెనం మీద పలచగా తిప్పేది. ఒక్కొక్కరికీ ఆకులో రెండేసి అట్లు. "ఖాళీ కడుపుతోటి జీడిపొగ పీల్చకండే," అని ప్రతి రోజూ అనేది. ఆ మాట లేకుండా ఒక్క అట్టు కూడా ఆ అరుగు దాటినట్టు నాకు గుర్తు లేదు.

ఎన్నో ఏళ్లు రుబ్బురోట్లో రుబ్బి రుబ్బి ఆమె కుడి భుజం దెబ్బతింది. చెయ్యి పైకెత్తి జడ వేసుకోలేకపోయేది, నేనే వేసేదాన్ని. ఆ తర్వాత అట్ల మీద వచ్చిన దాంతో తనే వైజాగు నుంచి ఒక గ్రైండరు తెప్పించుకుంది. అది వచ్చిన రోజు ఆమె ముఖం నేను మరిచిపోలేను. పసుపు రాసి బొట్టు పెట్టి, అది తిరుగుతుంటే పక్కన పీట వేసుకుని చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పని జరుగుతుండగా చేతులు ఖాళీగా ఉండడం ఆమెకి అదే మొదలు. "సూడే, అదే తిరుగుతంది," అని నాకు చూపించింది, నాకు కనపడదన్నట్టు.

మావయ్య వేరే రకం. బడిలో ఆయన గొంతు రెండు వీధులు వినబడేదట. ఇంటికొచ్చేసరికి మాటలకి కరువొచ్చేది. భోజనానికి రమ్మంటే వచ్చేవారు, చాలు అంటే చెయ్యి అడ్డం పెట్టేవారు. భార్యాభర్తల మధ్య తగువు చూడలేదు, కబుర్లూ చూడలేదు. ఆయన ప్రాణమంతా నోటుపుస్తకాల్లో ఉండేది. సెలవు రోజు సైకిలేసుకుని తీరం వెంట ఊరూరూ తిరిగి, పడవలు దిగే మగవాళ్లని పట్టుకుని, ఈ వలనేమంటారు, ఈ గాలినేమంటారు అని అడిగి రాసుకొచ్చేవారు. ఇచ్ఛాపురం వైపు వెళ్తే ఒడియా కలిసిన మాటలు దొరికేవని మురిసిపోయేవారు. రిటైరయ్యాక పుస్తకం వేద్దామనుకుంటుండగా కళ్లు మసకబారాయి. విశాఖపట్నంలో డాక్టరు నీటికాసులు, అంటే గ్లాకోమా, అన్నాడు. ఆలస్యంగా వచ్చారు, ఉన్న చూపు ఏడాది, మహా అయితే ఇంకొంచెం నిలబడుతుందని చెప్పి పంపాడు. మావయ్య ఇంటికొచ్చి అరుగు మీద చాలాసేపు కూర్చుని, చివరికి నన్ను పిలిచి, "పుస్తకం నేను చూడాలమ్మా. ముట్టుకోడం కాదు, చూడాల," అన్నారు. నేను అప్పటికి కాశీబుగ్గలో డీటీపీ కోర్సు చేసి ఉన్నాను. ఆ వారమే తన రిటైర్‌మెంటు డబ్బులోంచి కంప్యూటరు కొన్నారు.

దాన్ని చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. అత్త దానికీ బొట్టు పెట్టింది. కొన్న చోట, ఎర్తు వేయించుకోకపోతే పెట్టె ముట్టుకుంటే కొడుతుందనీ, కరెంటు తేడా వస్తే పాడవుతుందనీ చెప్పారు. అందుకు సింహాచలం వచ్చి గొయ్యి తీసి, గొట్టం దింపాడు. కట్టెబొగ్గు ఒక వరస, ఉప్పు ఒక వరస మమ్మల్నే పోసుకుని, రోజూ నీళ్లు పొయ్యమన్నాడు. పెళ్లిళ్ల రోజులు, ఊరంతా సీరియల్ లైట్లు కట్టాలి, పూడ్చే పని మీరే చూసుకోమని వెళ్లిపోయాడు. ఉప్పుకి లోటు లేదు, నాన్న నౌపడ నుంచి బస్సు మీద బస్తా పంపాడు. ఇక బొగ్గు. కట్టెబొగ్గు కావాలంటే కమ్మరి కొలిమి దాకా వెళ్లాలి. మా సందు చివర ఫ్యాక్టరీ వెనక జీడితొక్కల బొగ్గు గుట్టలుగా పడుంది, అడిగితే ఊరికే ఇస్తారు. బొగ్గు బొగ్గే కదా అనుకున్నాను. తట్టల్తో మోసి నేనే నింపాను. దాని నూనెకి అరచేతులు బొబ్బలెక్కితే అత్త కొబ్బరినూనె రాసి ఊదింది. ఆ బొబ్బలు కూడా నాకు బుద్ధి చెప్పలేదు. కట్టెబొగ్గు చేతులు బొబ్బలెక్కించదని ఆలోచించాల్సింది. నాకు డీటీపీ సర్టిఫికెట్టు ఉంది కదా, ఇంక ఆలోచన ఎందుకు.

అత్త రోజూ బియ్యం కడిగిన నీళ్లు తెచ్చి ఆ గోతిలో పోసేది. నాలుగో రోజో అయిదో రోజో నన్ను పిలిచింది.

"ఓలమ్మీ, ఇందులో నీళ్లు ఇంకట్లేదే. మన ఇసకలో బిందెడు పోసినా కన్ను మూసి తెరిసేతలికి మాయమైపోవాల. ఇది సూడు, గిన్నిలో పోసినాగ నిలబడిపోయింది."

"ఎర్తంటే అలాగే ఉంటాది అత్తా. నీకు తెలీదులే," అన్నాను.

"అయితే సరే," అని వెళ్లిపోయింది.

అప్పటి కాశీబుగ్గ కరెంటు గురించి చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. పగలంతా ఫ్యాక్టరీలు, మిల్లులు లాగేస్తే బల్బులో తీగ ఎర్రగా కనిపించేది. మధ్యాహ్నం కోత, సాయంత్రం ఇంకో కోత. నిండు కరెంటు ఉండేది తెల్లవారుజామున, ఊరు నిద్ర లేచే లోపల. నేను నాలుగున్నరకి లేచి టైపు మొదలెట్టేదాన్ని. సరిగ్గా అదే వేళకి అత్త పెసలు గ్రైండర్లో పోసి స్విచ్చి వేసేది. వెయ్యగానే నా ముందు తెర ఒకసారి ముడుచుకుని, అక్షరాలు అలల మీద పడవల్లా ఊగి, అడ్డంగా చారలు పాకి, పెట్టె టక్‌మని ఆరిపోయి మళ్లీ తనే లేచేది. సేవ్ చేస్తుండగా ఆరిపోతే ఆ రోజు పనే కాదు, ఫైలంతా చెడిపోయేది. శ్రీకాకుళం నుంచి ఒకాయన వచ్చి, కరెంటు పోట్లని ఎర్తులోకి మళ్లించే కొత్త ప్లగ్గుపెట్టె బిగించాడు. ఎర్తు బాగుంటేనే ఇది పనిచేస్తుంది, ఎర్తుందా అన్నాడు. ఉంది, నేనే వేశాను అని గొప్పగా చెప్పాను. ఆయనకి కోటబొమ్మాళిలో ఇంకో పని ఉందట, చూడకుండానే బస్సెక్కాడు. చారలు ఆగలేదు. ముట్టుకుంటే సుర్రుమనడం కూడా ఆగలేదు, కాళ్ల కింద గోనెపట్టా వేసుకుని టైపు చేసేదాన్ని.

ఒకరోజు గాలుల అధ్యాయం మొత్తం పోయింది. మూడు వారాల పని. తెర నల్లగా అయిపోయి మళ్లీ వెలిగాక, ఫైలు తెరిస్తే లోపల చుక్కలూ గళ్లూ తప్ప ఒక్క అక్షరం లేదు. మావయ్య వెనకే నిలబడి ఉన్నారు. ఆయనకి తెర మీద ఏముందో కనపడలేదు గానీ, నా ఊపిరి ఆగడం వినబడింది. "పోయిందా?" అన్నారు. ఆ ఒక్క మాట భరించలేక నేను వంటింట్లోకి పరిగెత్తాను. గ్రైండరు తిరుగుతూనే ఉంది. దాని రొద మీద అరిచాను.

"అత్తా, నీ అట్లు నీకెక్కువా, మావయ్య కళ్లెక్కువా?"

అత్త నా వైపు చూసింది. చెయ్యి చాపి స్విచ్చి ఆపింది. సగం నలిగిన పెసల వైపు ఒకసారి చూసి, ప్లగ్గు ఊడబీకి, వైరు చుట్టి పైన పెట్టింది. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు తప్పంతా గ్రైండరు మీదికి నెట్టిన నాకు అప్పుడు కాస్త సిగ్గు కూడా వెయ్యలేదు. మర్నాడు నేను లేచేసరికి పెరటి వైపు నుంచి గరగరమని రోలు చప్పుడు వినిపించింది. గ్రైండరు మీద పాత చీర ముక్క కప్పి ఉంది. నా కంప్యూటరు ఆ రోజు ఒక్కసారి కూడా ఆరిపోలేదు. నేను తలుపు వేసుకుని హాయిగా టైపు చేసుకున్నాను.

అలా ఏడాది. ఎండాకాలంలో, తుపాను గాలుల్లో, ఎముకలు కొరికే పుష్యమాసం చలిలో ఆమె రోటి దగ్గర కూర్చుంది. భుజానికి వేడినీళ్ల గుడ్డ కట్టుకుని రుబ్బేది. అరుగు మీదికి వచ్చిన ఆడవాళ్లు, "మిసనుండగా రోలేటి బంగారమ్మా?" అని నవ్వితే, "మిసను పిండి సప్పగా ఉంటందే," అని అబద్ధం చెప్పేది. ఇంట్లో కంప్యూటరు గురించో, నా అరుపు గురించో బయట ఒక్కరికి చెప్పలేదు. చూపు తగ్గి పేపరు చదవలేని మావయ్య తెల్లవారుజామున ఏం తోచక పెరట్లో పీట వేసుకుని, రోట్లోకి పప్పు తోస్తూ కూర్చునేవారు. తలుపు తీసినప్పుడల్లా ఇద్దరి వీపులూ కనిపించేవి. కంప్యూటరంటే విసుగొచ్చి అక్కడికి పోతున్నారనుకునేదాన్ని. అట్లన్నీ అయ్యాక ఆయన లావుపాటి పెన్ను పట్టుకుని నోటుపుస్తకంలో పెద్ద పెద్ద అక్షరాలు రాసేవారు, వరసలు కిందికి జారిపోయేవి. ఆ కాగితాల మీద అక్కడక్కడా ఆకుపచ్చటి మరకలు ఎండిపోయి ఉండేవి. అక్షరం మరక కింద పడితే చదవలేక విసుక్కునేదాన్ని.

పుస్తకం వచ్చింది. చూపు ఇంకా మిగిలి ఉండగానే వచ్చింది. మావయ్య మొదటి ప్రతి చేతిలోకి తీసుకుని ఎండలోకి నడిచారు. కుడికంటికి బెత్తెడు దూరంలో పెట్టుకుని, అట్ట మీద తన పేరు చదువుకున్నారు. ఆ తర్వాత అత్తని పిలిచి అరుగు మీద కూర్చోబెట్టారు. పుస్తకం మధ్య దాటాక ఒక పేజీ తెరిచి, ఒక్కొక్క మాటే కూడబలుక్కుని, ఆమెకి చదివి వినిపించారు. అత్తకి చదువు రాదు. తలొంచుకుని వింది. పేజీ ఎక్కడ తెరుచుకుంటే అక్కడ చదువుతున్నారనుకున్నాను. ఆ తర్వాత రెండు చలికాలాలకి ఆయనకి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియకుండా పోయింది. అయినా ఆయన పోయే రోజు దాకా పుస్తకం దిండు పక్కనే ఉండేది.

మునగచెట్టు కింద ఆ నల్లగడ్డ చేతిలో పెట్టుకుని ఇదంతా నెమరేసుకున్నాను. నా బొగ్గు సరైనదైతే అత్త గ్రైండరు తిరుగుతూనే ఉండేది. ఆ భుజం అంత పాడయ్యేది కాదు. ఇప్పుడు ఎనభై దాటిన ఆమె ఆ చేత్తో నీళ్లచెంబు కూడా ఎత్తలేదు, ఎడం చేత్తోనే అన్నం కలుపుకుంటుంది. అది వయసు వల్ల అని ఇన్నాళ్లూ సరిపెట్టుకున్నాను. చెప్పకపోయినా అడిగేవాళ్లు లేరు. సింహాచలం కూడా గడ్డలన్నీ ఏరి గోనెలో వేసేశాడు. కానీ ఆమె పెట్టిన అట్లు తిని పెరిగిన దాన్ని, ఆమె దగ్గర దాచి మళ్లీ ఆమె వడ్డించిన అన్నం ఎలా తినను? మధ్యాహ్నం చేపల పులుసు అయ్యాక, ఆమె అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్నప్పుడు పక్కన చేరి అంతా చెప్పాను. తొక్కల బొగ్గు, నూనె, గ్రైండరుది తప్పు కాదన్న సంగతి, అన్నీ.

ఆమె అంతా విని పెరటి వైపు తల తిప్పింది.

"అయితే నా గ్రైండరుకి ఏటీ దోసం నేదన్నమాట."

"లేదత్తా."

"నాను అప్పుడే సెప్పినాను కదేటి, నీళ్లు ఇంకట్లేదని."

"చెప్పావు."

"నువ్వేటన్నావు? నీకు తెలీదులే అన్నావు." ఆ మాట ఆమె ఎంతో తృప్తిగా అంది. ఇన్నేళ్ల తర్వాత నెగ్గిన పందెం. నేను నవ్వబోయి ఏడ్చేశాను. నీ భుజం నేనే పాడు చేశాను, ఏడాదంతా నీ చేత రుబ్బించాను అని ఏదేదో అన్నాను.

"ఏడుత్తావేటే, ఎర్రిమాలోకం," అంది. ఎడం చెయ్యి నా తల మీద పెట్టింది. "మీ మావ సంగతి నీకు తెలీదేటి? ఆయన మాటలన్నీ బడికే. ఇంటికొచ్చేతలికి అయిపోయేవి. పెళ్లైన కాణ్ణుంచీ అంతే. ఆ ఏడు కళ్లు కనపడక నా కాడ పీటేసుకుని కూకునేవోడు. ఊరికే కూకుని ఏటి సేత్తాడు, పప్పు తోసేవోడు. ఓ రోజు అడిగినాడు, 'బంగారం, గంప కింద నెత్తి మీద పెట్టుకునే సుట్టని మీ అమ్మ ఏటనేది?' అని. సెప్పినాను. ఎండుసేపలు తిరగేసేదాన్నేటంటారు, ఉప్పు పట్టనిదాన్నేటంటారు, పడవ రాపోతే ఒడ్డున ఆడోళ్లు పాడుకునేది ఏటి, అని రోజుకోటి. నాను సెప్పడం, ఆయన మనసులో పెట్టుకుని ఎల్లి రాసుకోడం. నాతోటి అన్ని మాటలు మాటాడింది ఆ ఒక్క ఏడే. గ్రైండరు తిరిగుంటే ఆ రొదలో నా మాట మీ మావకి ఇనబడునేటి?"

నేను లేచి లోపలికి వెళ్లి పాత పుస్తకం తెచ్చాను. ఇన్నిసార్లు చదివిన దాన్ని, మొదటిసారి చదువుతున్నట్టు పేజీలు తిప్పాను. ముందు సగమంతా వలలు, గాలులు, చుక్కలు, పడవ భాగాలు. మధ్య దాటాక మాటలు ఒడ్డెక్కుతాయి. గంపలు, ఉప్పు, ఎండేసే ఇసక, కవళ్ల చేపలు ఏరే పద్ధతులు, ఎదురు చూసే పాటలు, బిడ్డ జబ్బుకి చేప నూనె. పడవల దగ్గర నిలబడి మగవాళ్లని అడిగిన మాస్టారుకి ఈ మాటలు ఎవరు చెప్పారో టైపు చేసిన నాకే అనుమానం రాలేదు. ఆ రోజు అరుగు మీద ఆయన చదివి వినిపించింది ఎక్కడో తెరుచుకున్న పేజీ కాదు, ఆమె చెప్పిన పేజీ. నేను విసుక్కున్న ఆకుపచ్చ మరకలు రోటి పక్కన నుంచి వచ్చిన పెసరపిండి.

"మరి నీ పేరెందుకు వెయ్యలేదత్తా?"

"ఆయన ఏత్తానన్నాడు. నానే ఒద్దన్నాను. పెళ్లాం సెప్పిన మాటలు రాసుకున్నాడని ఊర్లో నవ్వుతారని." వీధి వైపు చూస్తూ అంది, "ఇప్పుడు కావాలంటే ఎయ్యి. నవ్వేవోళ్లందరూ ఎల్లిపోనారు."

ఇప్పుడు ఆ ఇంట్లో ఫ్రిజ్జుంది, ఇన్వర్టరుంది, వీధిలో కోత లేదు, నా ఒళ్లో ఉన్న మెషీను కరెంటు పోయినా అయిదు గంటలు నడుస్తుంది. రాసింది రాసినట్టు ఎక్కడో ఆకాశంలో దాచుకుంటుంది. ఒక్క అక్షరం పోదు. అప్పటి పని ఇప్పుడు పది రోజుల్లో అయిపోతుంది. ఇవన్నీ అప్పుడే ఉంటే మావయ్య పుస్తకం ఆరు నెలల ముందు వచ్చేది, సగం పుస్తకంగా. అలాగని నా తప్పుని నేను పొగుడుకోను. ఆ భుజం నొప్పి నిజం. ఆ నొప్పితో ఆమె రుబ్బిన ప్రతి తెల్లవారుజామూ నాకు అప్పుడు కనబడలేదు, ఇప్పుడు కనబడుతోంది. పాత మనుషులు మనకి ఏమిచ్చారో తెలియడానికి ఒక్కోసారి గొయ్యి తవ్వుకోవాల్సి వస్తుంది. ఆమె బతికి ఉండగా తవ్వుకున్నందుకు నేను అదృష్టవంతురాలిని.

మర్నాడు సింహాచలం కట్టెబొగ్గూ ఉప్పూ వరసలు వరసలుగా పోసి, రాగితీగ బిగించి, చేతులు దులుపుకున్నాడు. అత్త బియ్యం కడిగిన నీళ్లు ఎడం చేత్తో పట్టుకొచ్చింది. గోతిలో పోసి, వంగి చూసింది. నీళ్లు సుయ్యిమని కిందికి దిగిపోయాయి. నన్ను చూసి కనుబొమ్మలెగరేసింది. లోపలికొచ్చి ల్యాప్‌టాప్ మీద అరచేతులు పెట్టాను. సుర్రు లేదు. బాణం గుర్తు బుద్ధిగా ఒకచోట నిలబడింది. ఇంక పరీక్ష పూర్తి కావాలని, అటక మీంచి ఆమె పాత గ్రైండరు దింపించి, తుడిచి, గుప్పెడు నానిన పెసలు వేసి స్విచ్చి నొక్కాను. అది ముసలి గొంతుతో మూలిగి తిరగడం మొదలెట్టింది. తెర కదల్లేదు, చార రాలేదు. ఇల్లంతా రొద.

అత్త పీట మీద కూర్చుని దాన్నే చూస్తోంది, చేతులు ఒళ్లో పెట్టుకుని, అది మొదటిసారి వచ్చిన రోజులాగే. పెదాలు కదిలాయి. ఏదో అంది. నాకు వినబడలేదు. "ఏంటత్తా?" అని దగ్గరికెళ్లాను. ఆమె వైరు వైపు చెయ్యి ఊపింది.

"అది ఆపీ. మీ మావకి సెప్పని మాటొకటి గుర్తొచ్చింది. రాసుకో."